జేజి వాళ్ల ఊరి పాత చర్చి

మొన్న కడప పోయినప్పుడు మా జేజిని ఆమె పుట్టినూరి చర్చికి తీసుకుపోయినా. గోడలు రెండు మూరల మందం, సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలిపి గానుగలో తిప్పిన గచ్చు, మే నెలలో కూడా లోపల చల్లగా ఉంటాది, కింద నల్లటి కడప బండలు, మోకాళ్లూనే చోట అద్దం మాదిరి నునుపు తేలినాయి. అప్పట్లో సాములోరు జనాలకి వీపు పెట్టి లాటిన్‌లో పూజ చేసేవాళ్లంట, 1962-65 వాటికన్ సభ (ప్రపంచంలోని కేథలిక్ బిషప్పులంతా కూడిన సభ) తర్వాతే పూజ చేసే పీఠం గోడ దగ్గర్నుంచి ముందుకొచ్చింది, పూజ తెలుగులోకొచ్చింది. కడప వేరే మేత్రాసనం (ఒక బిషప్ కింద ఉండే చర్చిల పరిధి) అయింది మాత్రం 1976లో.

పోయినేడు ఎవరో గచ్చు మీద సిమెంట్ పూయించి పింక్ పెయింట్ కొట్టించినారు (పింకే దొరికిందా!), ఇప్పుడు చెమ్మ బయటికి పోలేక పెచ్చులూడతాండాయి. జేజి గోడ తడిమి "దీనికి ఊపిరాడ్డంలేదు రా" అనింది.