బోరు పడింది, నీళ్లు తాగలేకపోయాం

ఒక కూలీల కాలనీకి మేం వేయించిన బోరులో నీళ్లు పడిన రోజు చేసిన హడావుడి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. పైపులోంచి నీళ్లు ఎగజిమ్ముతుంటే ఫొటోలు దిగాం. చందాలిచ్చిన వాళ్లందరికీ పంపాం. "ఇక నీళ్ల బాధ తీరింది" అని కింద రాశాం. పదకొండు రోజులకి ల్యాబ్ రిపోర్టు వచ్చింది. ఫ్లోరైడ్ లీటరుకి 3.1 మిల్లీగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగే నీటికి పెట్టిన పరిమితి 1.5.

రిపోర్టు చూసి మాలో ఒకరు, "కాచి తాగితే సరిపోదా?" అన్నారు. సరిపోదు. కాస్తే ఫ్లోరైడ్ పోదు. నీరు ఆవిరై తగ్గేకొద్దీ మిగిలినదాంట్లో ఇంకాస్త చిక్కబడుతుంది. క్లోరిన్‌కీ లొంగదు. రంగు లేదు, వాసన లేదు. అసలు ఆ నీళ్లు చూడటానికి అద్దంలా ఉన్నాయి. అలాంటివి ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లు గారపడతాయి, ఆ తర్వాత ఎముకల వంతు. మేం ఆ కాలనీకి పెట్టబోయింది అదన్నమాట.

ముందు సంగతి కొంచెం చెప్పాలి. అది వలస కూలీల గుడిసెల కాలనీ. సుమారు 70 కుటుంబాలు, 350 మంది. ఊరి మెయిన్ పైపు దగ్గర్లోనే వెళ్తుంది, కానీ వీళ్లకి కనెక్షన్ లేదు. ఎందుకంటే గుడిసె ఉన్న స్థలానికి కాగితం లేదు. కాగితం లేనిది ఇల్లు కాదు, ఇల్లు కానిదానికి కుళాయి లేదు. ట్యాంకరు వచ్చిన రోజు కొనుక్కోవడం, రాని రోజు పక్కన కుంటలో ముంచుకోవడం. పైపు నీళ్లొచ్చే ఇళ్లవాళ్లకంటే వీళ్లు లీటరుకి ఎక్కువ కట్టేవాళ్లు. ఇది ఆ ఒక్క కాలనీ వింత కాదు. చాలా పేదల బస్తీల్లో ఇదే లెక్క.

మేం పెద్ద దరఖాస్తు రాశాం. ప్రపంచంలో 220 కోట్ల మందికి ఇంటి దగ్గర భద్రమైన తాగునీరు లేదన్న 2022 నాటి లెక్కతో మొదలుపెట్టాం. నీరు మానవ హక్కు అని ఐక్యరాజ్యసమితి 2010 జులైలో చేసిన తీర్మానం కూడా ఎక్కించాం. ఆఫీసులో ఆయన మొదటి పేజీ తిప్పి, "స్థలం పత్రం ఏది?" అన్నారు. అంతే. నాలుగుసార్లు తిరిగాక, ఇక మనమే ఏదో ఒకటి చేద్దాం అనుకుని చందాలు పోగుచేసి బోరు వేయించాం.

ఇక్కడ మా తప్పు ఒప్పుకోవాలి. బోరు కావాలని కాలనీలో ఎవరూ అడగలేదు. మేమే అనుకున్నాం. మొదటి రోజే ఒక అవ్వ, కాలనీ చివర ముళ్లకంపలు పెరిగిన పాత బావి చూపించి, "ఈ బావి ఎండగా నేను చూళ్లేదు నాయనా" అంది. నేను తలూపి ఊరుకున్నాను. దిగుడు బావి అంటే మురికి, బోరు అంటే శుభ్రం అని నా బుర్రలో నాటుకుపోయింది మరి.

అలా నాటుకుపోయింది నాకొక్కడికే కాదని తర్వాత చదివి తెలుసుకున్నాను. బంగ్లాదేశ్‌లో 1970ల నుంచి లక్షల కొద్దీ గొట్టపుబావులు దింపారు. చెరువు నీళ్లు తాగి పిల్లలు విరేచనాలతో చనిపోతున్నారని, మంచి ఉద్దేశంతోనే. 1993లో ఆ నీళ్లలో ఆర్సెనిక్ అనే విషం ఉందని బయటపడింది. అదీ అంతే, కంటికి కనిపించదు, నోటికి తెలియదు. తర్వాత పంపు పంపుకీ పరీక్ష చేసి, తాగకూడనిదానికి ఎరుపు, తాగదగ్గదానికి ఆకుపచ్చ రంగు వేసుకుంటూ వెళ్లారు. అంత పెద్ద పాఠం ఉండగా మేం నీళ్లు పరీక్షకి పంపకముందే ఫొటోలు దిగాం.

మా బోరుకీ ఎర్ర పెయింట్ కొట్టాం. పూర్తిగా మూసేయలేదు. బట్టలు ఉతకడానికి, స్నానాలకి, గిన్నెలు తోముకోవడానికి ఆ నీటితో ఇబ్బంది లేదు. తాగడానికీ వంటకీ మాత్రం వద్దని ఇంటింటికీ వెళ్లి చెప్పాం. నిన్న "తాగండి" అని చెప్పిన నోటితోనే ఇవాళ "తాగకండి" అని చెప్పడం ఎంత కష్టమో చెప్పలేను.

ఫ్లోరైడ్ తీసేసే పద్ధతులు లేకపోలేదు. పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి ఒకటుంది. నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరీ రూపొందించింది. దాన్ని ప్రపంచమంతా నల్గొండ పద్ధతి అనే పిలుస్తుంది. ఆఫ్రికాలో టాంజానియా, ఇథియోపియాల దాకా వెళ్లింది. దాని గురించి గట్టిగానే ఆలోచించాం. కానీ రోజూ కొలిచి కలపాలి, కలియబెట్టాలి, తేరేదాకా ఆగాలి, అడుగున మిగిలిన మడ్డిని ఎక్కడో సురక్షితంగా పారబోయాలి. తెల్లారకముందే పనికి వెళ్లిపోయే మనుషులున్న కాలనీలో రోజూ అది ఎవరు చేస్తారు? మేం మూడు నెలలు చేసి వెళ్లిపోతే నాలుగో నెల సంగతేంటి? ఆ ప్రశ్న దగ్గరే ఆగిపోయాం.

అప్పుడు గుర్తొచ్చింది అవ్వ చూపించిన బావి. ఈసారి బుద్ధిగా ముందు పరీక్షకి పంపాం. ఫ్లోరైడ్ 0.8. ఎగిరి గంతేసినంత పనైంది. మరి క్రిముల సంగతి? దానికి చిన్న సీసా పరీక్ష ఒకటుంది. గుర్తు దాకా నీళ్లు పోసి, మూతపెట్టి, నీడలో ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలం తాలూకు కలుషితం ఉందంటే నీళ్లు నల్లబడతాయి. మా సీసా తెల్లారేసరికి కాటుకలా నల్లగా ఉంది.

కారణం వెతకడానికి పెద్దగా తిరగక్కర్లేకపోయింది. బావి నుంచి పన్నెండు అడుగులు వేస్తే మరుగుదొడ్డి గుంట, చుట్టుపక్కల అలాంటివే ఇంకో మూడు. బావికీ గుంటకీ మధ్య కనీసం 30 మీటర్లు ఉండాలంటారు. మొత్తం పనిలో నాకు ఎక్కువ టెన్షన్ పెట్టింది ఇదే. ల్యాబులు కాదు, లెక్కలు కాదు, ఆ నాలుగు గుంటలు. ఒక్కో గుంట వెనక ఒక్కో కుటుంబం కష్టార్జితం ఉంది. "మా దొడ్డి పూడ్చేసి ఆడపిల్లల్ని ఎక్కడికి పంపమంటారు?" అని ఒకామె నిలదీసింది. ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? చివరికి మేం ఒక మాట ఇచ్చాం. కొత్తది కట్టి, అది వాడకంలోకి వచ్చాకే పాతది పూడుస్తాం. నెలన్నర పట్టింది. ఆ నెలన్నరలో నీళ్ల పని అంగుళం కదల్లేదు. చందాదారులు ఫోన్లు చేసి, "బోరు వేశారు, బావి అన్నారు, ఇప్పుడు దొడ్లు కడుతున్నారా?" అని వెటకారం చేశారు. వాళ్లకి అర్థమయ్యేలా చెప్పడం నాకు చేతకాలేదు.

గుంటలు కదిలాక మిగతాది చకచకా అయిపోయింది. కాలనీలో సగం మందికి తాపీ పని వచ్చు కాబట్టి మేం సామాను తెచ్చిపెడితే చాలు. పూడిక తీశారు, పైన ఒరలు దించారు, చుట్టూ నీరు ఇంకకుండా సిమెంటు గచ్చు పోశారు, పైన మూత బిగించారు. చిన్న మోటారు, 5,000 లీటర్ల ట్యాంకు, రెండు కుళాయిలు.

ఇక క్లోరిన్. "బ్లీచింగ్ పౌడర్ ఒక గుప్పెడు వేస్తే చాలు" అనే సలహా చాలామంది ఇచ్చారు. గుప్పెళ్లతో పని జరగదు. తాజా పౌడర్‌లో క్లోరిన్ దాదాపు మూడో వంతు ఉంటుంది. 30 గ్రాములు లీటరు నీళ్లలో కలిపితే ఇంచుమించు ఒక శాతం ద్రావణం అవుతుంది. నాలుగు బకెట్లలో ఇరవయ్యేసి లీటర్ల బావి నీళ్లు పట్టి, సిరంజితో ఆ ద్రావణం 1, 1.5, 2, 2.5 మిల్లీలీటర్లు వేసి కలిపి అరగంట ఆగాలి. తర్వాత ప్రతి బకెట్‌లో మిగిలిన క్లోరిన్ ఎంతో చూడాలి. లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య మిగిలితే అది మనకి కావలసిన మోతాదు. పూడిక తీసిన కొత్తలో నాలుగు బకెట్లలోనూ సున్నా! నీళ్లలో మడ్డి ఉంటే క్లోరిన్‌ని అదే తినేస్తుంది. వారం పాటు తోడి పారబోశాక నీళ్లు తేటపడ్డాయి. అప్పుడు 2 మిల్లీలీటర్ల బకెట్‌లో 0.4 కనిపించింది. ట్యాంకంటే అలాంటి 250 బకెట్లు, అంటే అర లీటరు ద్రావణం.

లెక్క కుదిరింది కానీ మనుషులు కుదరలేదు. మొదటి రోజు నీళ్లు పట్టుకెళ్లిన వాళ్లలో చాలామంది రెండో రోజు రాలేదు. "మందు వాసనొస్తోంది, పిల్లలు ఉమ్మేస్తున్నారు." ఒక తాతైతే మేం ఏదో కలిపి జనం మీద ప్రయోగం చేస్తున్నామని తేల్చేశాడు. ఒకసారి మాటిచ్చి తప్పిన వాళ్లం కదా, ఎందుకు నమ్మాలి? కాలనీలో ఎనిమిదో తరగతి చదువుతున్న అమ్మాయి ఒక ఉపాయం చెప్పింది. రాత్రి ట్యాంకు నింపి మందు కలిపితే పొద్దుటికి వాసన చచ్చిపోతుంది కదా అని. చేసి చూశాం. వాసన నిజంగానే తగ్గింది, కాకపోతే పొద్దుటికి క్లోరిన్ 0.2 కూడా మిగల్లేదు. ద్రావణం 600 మిల్లీలీటర్లకి పెంచాక రెండూ కుదిరాయి. అప్పట్నుంచి రోజూ పొద్దున్నే కుళాయి దగ్గర క్లోరిన్ చూసి నోట్‌బుక్‌లో రాసేది ఆ అమ్మాయే. ఒకసారి వరుసగా మూడు రోజులు సున్నా రాసి, కింద "పౌడర్ సంచి మూతి కట్టలేదు" అని కూడా రాసింది. తేమ తగిలితే పౌడర్‌లో క్లోరిన్ ఎగిరిపోతుంది. ఎవరో ఆదమరిచారు.

కుళాయి దగ్గర సీసా నల్లబడటం లేదని నిర్ధారించుకున్నాక, ఊరికే చూద్దామని పది ఇళ్లలో బిందెల్లోంచి నీళ్లు తీసి పరీక్షించాం. ఆరు నల్లబడ్డాయి. ఆ రోజు నాకు అన్నం సహించలేదు. కుళాయి నుంచి ఇంటికి వంద అడుగులు లేదు! ఏం జరుగుతోందో చూద్దామని ఒక ఇంట్లో కూర్చున్నాను. బయట ఆడుకుని వచ్చిన పిల్లాడు బిందెలో గ్లాసు ముంచాడు, గ్లాసుతో పాటు వేళ్లూ మునిగాయి. అంతే కథ. మూత, కింద చిన్న కుళాయి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు తెచ్చి ఇచ్చాం. డబ్బా వద్దన్న వాళ్లు పొడుగు కాడ గరిటె పెట్టుకున్నారు. తర్వాత మళ్లీ చూస్తే పదిలో ఒకటి నల్లబడింది.

కుళాయిల దగ్గర గొడవలు మాత్రం మేం ఊహించనివి. విపత్తు సాయం చేసేవాళ్లు వాడే స్ఫియర్ ప్రమాణాల ప్రకారం మనిషికి రోజుకి కనీసం 15 లీటర్లు, 250 మందికి ఒక కుళాయి. మా లెక్కన 5,250 లీటర్లు, రెండు కుళాయిలు. కాగితం మీద సరిగ్గా ఉంది. నిమిషానికి ఏడున్నర లీటర్లు వచ్చే కుళాయి కింద 20 లీటర్ల డబ్బా నిండటానికి దాదాపు మూడు నిమిషాలు. రెండు కుళాయిలూ ఆగకుండా పారితే మొత్తం పట్టుకోవడానికి ఆరు గంటలు. కానీ వీళ్లంతా ఏడింటికల్లా పనిలో ఉండాలి. అందరూ ఐదింటికే వరసలో నిలబడ్డారు. మూడో రోజుకే జుట్లు పట్టుకున్నారు. ఇంకో నాలుగు కుళాయిలు పెట్టించాం.

మోటారు తాళం చెవి ఎవరి దగ్గరుండాలన్న దానిమీద రెండు మీటింగులు జరిగాయి. మగవాళ్లు తమలో ఒకరి పేరు చెప్పారు. అవ్వ లేచి, "నీళ్లు మోసేది ఎవరు? చెవి వాళ్ల దగ్గరే ఉండాలి" అంది. ఇద్దరు ఆడవాళ్లకి ఇచ్చారు. నెలకింత అని ఇంటింటా వసూలు చేసేదీ, లెక్క రాసేదీ వాళ్లే. చందాల డబ్బుతో ఎన్నైనా కట్టొచ్చు గానీ, తెగిపోయిన వాషరుకి ఎవరూ చందా ఇవ్వరు. ఆ డబ్బు కాలనీలోనే పుట్టాలి.

ఏడో నెలలో మోటారు నీళ్లు లాగడం మానేసిందట. మాకు ఫోన్ రాలేదు. పది రోజుల తర్వాత మామూలుగా వెళ్లినప్పుడు నోట్‌బుక్ తిప్పుతుంటే కనిపించింది: ఫుట్ వాల్వ్ పోయింది, కొత్తది వేశాం, ఇంత అయింది, ఇంత మిగిలింది. ఎప్పుడు చెడిందో, ఎప్పుడు బాగయిందో చూస్తే మధ్యలో ఒక్క రోజు. ముందు కొంచెం చిన్నబుచ్చుకున్నాను, నిజం చెప్తున్నా. మాకెందుకు చెప్పలేదని అడిగితే, తాళం చెవి ఉన్నామె, "మీరొచ్చేదాకా దాహం ఆగుతుందా అన్నా?" అంది.

పైపు కనెక్షన్ కోసం పెట్టిన దరఖాస్తు ఇప్పటికీ ఆఫీసులోనే ఉంది. బోరు కూడా అలాగే ఉంది. మొన్న వెళ్లినప్పుడు చూశాను, ఎండకీ వానకీ ఎరుపు బాగా వెలిసిపోయింది. కొత్తగా వచ్చి చేరిన ఒక కుటుంబం అక్కడ తాగడానికి బిందె నింపుకుంటోంది. అవ్వ కేకేసి ఆపింది. వచ్చే ఆదివారం పెయింట్ డబ్బా, బ్రష్షు తీసుకెళ్తున్నాను.