లాప్‌టాప్‌కు కొత్త డిస్క్: ఎన్ని జీబీలన్నది ఆఖరి ప్రశ్న

పాత లాప్‌టాప్‌లో హార్డ్ డిస్క్ మొరాయించినప్పుడు అందరూ ముందుగా అడిగేది ‘ఎన్ని జీబీలది వేయించుకోవాలి?’ అని. నా లెక్కలో అది ఆఖరున తేల్చుకోవలసిన సంగతి. ఆ లాప్‌టాప్‌లో ఏ డిస్క్ పడుతుందో, దాన్ని దేనికి వాడతామో తేలితే జీబీల లెక్క దానంతటదే తేలుతుంది.

ఈ మధ్య మా బావగారి లాప్‌టాప్ విషయంలో ఈ వ్యవహారమంతా నా మీద పడింది. ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే 1 టీబీ హార్డ్ డిస్క్ ఉన్న మామూలు యంత్రం అది. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చూస్తే డిస్క్ ఆరోగ్యం పసుపు రంగులో కనిపించింది. ఆ సాఫ్ట్‌వేర్ చూపే పట్టికలో నేను ముందు చూసేవి 05, సీ5 అనే రెండు వరుసలు. మొదటిది, చెడిపోయినందువల్ల పక్కన పెట్టి, బదులుగా అదనపువి కేటాయించిన సెక్టార్ల (డిస్క్ మీద సమాచారం దాచే చిన్న గళ్ల) లెక్క. రెండోది, చదవడానికి మొండికేస్తూ ఇంకా ఎటూ తేలని సెక్టార్ల లెక్క. సీ5 సంఖ్య సున్నా కాకుండా ఉండి, రోజురోజుకూ పెరుగుతున్నదంటే ఆ డిస్క్‌ను బాగుచేసే ప్రయత్నాలు మాని, అందులోని ఫోటోలనూ కాగితాలనూ వెంటనే వేరే చోటికి కాపీ చేసుకోవాలి. కొత్తది కొనడం ఆ తరవాతి పని.

మళ్లీ హార్డ్ డిస్కే వేయిస్తే చౌకగా పోతుంది కదా అన్నారు బావగారు. నేను ఒప్పుకోలేదు. నిమిషానికి 5400 చుట్లంటే సెకనుకు 90, అంటే ఒక్కో చుట్టుకు సుమారు 11 మిల్లీసెకన్లు. కావలసిన సమాచారం, దాన్ని చదివే హెడ్ కిందికి రావడానికి సగటున సగం చుట్టు ఆగాలి. హెడ్ సరైన ట్రాక్ (సమాచారం రాసి ఉన్న వలయం) మీదికి చేరడానికి మరో పది పన్నెండు మిల్లీసెకన్లు పడుతుంది. ఈ లెక్కన డిస్క్ మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ముక్కలను సెకనుకు అరవైకి మించి అందుకోవడం కష్టం. విండోస్ తెరుచుకునేటప్పుడు చేసే పని చాలావరకు అలాంటి ముక్కలను వేల సంఖ్యలో వెతకడమే కాబట్టి, 7200 చుట్ల డిస్క్ తెచ్చినా ఆ నిరీక్షణలో తగ్గేది మిల్లీసెకనున్నర లోపే. కదిలే భాగమే లేకుండా చిప్‌లలో సమాచారం దాచే ఎస్‌ఎస్‌డీ అనే డిస్క్‌లో అదే పనికి మిల్లీసెకనులో పదో వంతు చాలు. ఇప్పటికీ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం కొత్త హార్డ్ డిస్క్ కొనడం, నా మాటగా చెప్పాలంటే, డబ్బు పెట్టి నిదానాన్ని కొనుక్కోవడమే.

ఇక ఏ ఎస్‌ఎస్‌డీ అన్నది. ఇది తేల్చాలంటే లాప్‌టాప్ అడుగు మూత తీసి చూడడమో, తయారీదారు ఇచ్చిన సర్వీస్ మాన్యువల్ చదవడమో తప్పదు. బావగారి యంత్రంలో బ్యాటరీ కనెక్టర్ ఊడదీశాక కనిపించింది 2.5 అంగుళాల సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే పాత పద్ధతి) డిస్క్. రెండు వైపులా స్క్రూలతో ఒక రేకు చట్రంలో బిగించి ఉంది, దాని నుంచి మదర్‌బోర్డుకు పలచని రిబ్బన్ కేబుల్ వెళ్తోంది. ఈ కేబుల్‌ను లాగకుండా, కనెక్టర్‌ను పట్టుకొని మెల్లగా జరపాలి. అది తెగితే అదే మోడల్‌ది వెతికి తెచ్చుకోవడం డిస్క్ కొనడం కన్నా పెద్ద పని. ఆ రేకు చట్రాన్ని పారేయకూడదు, కొత్త డిస్క్‌కూ అదే కావాలి. పాత డిస్కుల్లో కొన్ని 9.5 మిల్లీమీటర్ల మందం ఉంటాయి, 2.5 అంగుళాల ఎస్‌ఎస్‌డీలు సాధారణంగా 7 మిల్లీమీటర్లే. ఆ తేడా వల్ల డిస్క్ కదులుతుంటే చుట్టూ పెట్టే ప్లాస్టిక్ చట్రంతో సరిపెట్టవచ్చు.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ అనే కంప్యూటర్ మార్కెట్‌కు వెళ్తే దుకాణాల్లో ముందుగా వినిపించే ప్రశ్న ‘సాటానా, ఎన్‌వీఎంఈనా సార్?’ అనే. ఎన్‌వీఎంఈ అనేది సాటా కన్నా కొత్త పద్ధతి; దాని వేగం సెకనుకు 3500 ఎంబీలు, సాటా వేగం 550 ఎంబీలేనని చెబితే ఎవరికైనా మనసు అటే లాగుతుంది. అయితే ఎన్‌వీఎంఈ కార్డుల మీద కనిపించే ఎం.2 అనేది కార్డు ఆకారానికి, కనెక్టరుకు ఉన్న పేరు మాత్రమే. అదే ఆకారంలో సాటా కార్డులూ ఉన్నాయి, ఎన్‌వీఎంఈ కార్డులూ ఉన్నాయి. 2280 అని రాసి ఉంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 మిల్లీమీటర్ల పొడవు అని అర్థం. అంతకు మించి ఆ సంఖ్య ఏమీ చెప్పదు. కొన్ని లాప్‌టాప్‌ల ఎం.2 స్లాట్ సాటా కార్డులను మాత్రమే గుర్తిస్తుంది, కొన్నింటిది ఎన్‌వీఎంఈని మాత్రమే. కార్డు స్లాట్‌లో చక్కగా దిగినంత మాత్రాన పని చేస్తుందన్న భరోసా లేదు. బావగారి లాప్‌టాప్‌లో అసలు ఎం.2 స్లాటే లేదు కనుక ఆ చర్చ అక్కడితో ఆగింది. స్లాట్ ఉన్నా, మెయిల్, బ్రౌజర్, టాలీ వరకే వాడేవారికి ఈ రెండింటి మధ్య తేడా పెద్దగా తెలియదు.

సాటాలోనూ ఎంచుకోవలసింది ఉంది. ఫ్లాష్ మెమరీలో ఒక్కో సెల్‌లో మూడు బిట్లు దాచేది టీఎల్‌సీ, నాలుగు దాచేది క్యూఎల్‌సీ. రెండోది చౌక, కానీ తాత్కాలికంగా వేగంగా రాసుకునే భాగం నిండిపోయాక వేగం పడిపోతుంది. సామ్‌సంగ్ 870 క్యూవో 1 టీబీ మోడల్‌లో అది సెకనుకు 80 ఎంబీలకు దిగుతుందని ఆ సంస్థే చెప్పుకుంది. పెళ్లి వీడియోలు ఒకేసారి ఎక్కించేవారికి ఇది కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. మన్నిక గురించి మాత్రం జనం అవసరానికి మించి భయపడతారు. అదే సంస్థ 870 ఈవో 500 జీబీ మోడల్‌కు 300 టీబీలు రాసే వరకు, లేదా అయిదేళ్లు, వీటిలో ఏది ముందైతే అంతవరకు వారంటీ ఇచ్చింది. రోజుకు 20 జీబీలు రాసినా 300 టీబీలు పూర్తవడానికి నలభై ఏళ్లు పడుతుంది.

జీబీల సంగతి ఇప్పుడు సులువు. బావగారి డిస్క్‌లో ఫోటోలు, సినిమాలు పక్కన పెడితే మిగిలింది 150 జీబీల లోపే కనుక 500 జీబీల టీఎల్‌సీ ఎస్‌ఎస్‌డీ తీసుకున్నాము. విండోస్ దాన్ని 465 జీబీలుగా చూపిస్తే కంగారు పడనక్కరలేదు. ఎంబీ, జీబీ లెక్క కట్టేటప్పుడు తయారీదారు ప్రతి మెట్టులోనూ వెయ్యితో భాగిస్తే విండోస్ 1024తో భాగిస్తుంది. ఫోటోలకు వేరుగా ఒక బయటి హార్డ్ డిస్క్ కొనిపించాను. ఏళ్ల తరబడి కరెంటు లేకుండా బీరువాలో పడి ఉండే నిల్వకు ఎస్‌ఎస్‌డీ తగినది కాదు, పైగా ట్రిమ్ (చెరిపిన ఫైళ్ల చోటును ఎస్‌ఎస్‌డీ ఖాళీ చేసేసే ఏర్పాటు) వల్ల అందులో చెరిగిన ఫైళ్లను తిరిగి రాబట్టడం దాదాపు అసాధ్యం. పాత డిస్క్‌కు యూఎస్‌బీ డబ్బా తొడిగి బ్యాకప్‌గా వాడుకుందామన్న బావగారి ఆలోచనను మాత్రం సాగనివ్వలేదు.

చెడిన సెక్టార్లున్న డిస్క్‌ను ఉన్నదున్నట్టు కొత్తదానిలోకి కాపీ (క్లోన్) చేయబోతే మధ్యలో ఆగిపోయే అవకాశం ఎక్కువ కాబట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా ఎక్కించడమే మేలనుకున్నాను. విండోస్ డిజిటల్ లైసెన్సు ప్రధానంగా మదర్‌బోర్డుతో ముడిపడి ఉంటుంది, డిస్క్ మారినంత మాత్రాన మళ్లీ కొననక్కరలేదు. అన్నట్టు, కొనేటప్పుడు జీఎస్‌టీ బిల్లు మీద డిస్క్ సీరియల్ నంబరు కూడా రాయించుకోవాలి; ఆ నంబరును తయారీదారు సైట్‌లో వేసి, వారంటీ ఏ తేదీ వరకు ఉందో దుకాణం మెట్లు దిగక ముందే చూసుకోవచ్చు.