సీఈఎస్‌లో స్టాల్ అంటే సరుకు రవాణా లెక్కే

1967 జూన్‌లో న్యూయార్క్ హోటళ్లలో మొదలైంది సీఈఎస్, అంటే కన్స్యూమర్ ఎలక్ట్రానిక్స్ షో, కంపెనీలు తమ ఎలక్ట్రానిక్ సరుకు చూపించుకునే వాణిజ్య ప్రదర్శన. అంతకుముందు టీవీలు, రేడియోలవాళ్లు షికాగో మ్యూజిక్ షోలోనే సర్దుకునేవాళ్లు. మొదటిసారి వచ్చింది 17,500 మంది. 2020 జనవరిలో లాస్ వేగస్‌కి వచ్చినవాళ్లు 1,70,000 పైమాటే. ఈ రెండు అంకెల మధ్య తిన్నగా గీత గీస్తే పప్పులో కాలేసినట్టే.

1978 నుంచి 1994 దాకా ఏడాదికి రెండు షోలు: జనవరిలో వేగస్, జూన్‌లో షికాగో. వేసవి షో పోనుపోను నీరసించింది. వీడియో గేముల కంపెనీలు 1995లో లాస్ ఏంజెలెస్‌లో ఈ3 పేరుతో వేరు కుంపటి పెట్టుకున్నాయి. 1998 నుంచి ఏడాదికి ఒక్కటే, వేగస్‌లోనే. కంప్యూటర్లవాళ్ల ప్రదర్శన కామ్‌డెక్స్ 2003తో ఆగిపోవడం కలిసొచ్చింది, తర్వాత కార్ల కంపెనీలూ వచ్చి చేరాయి. 2012లో స్టార్టప్‌లకి యురేకా పార్క్ అని వేరే విభాగం పెట్టారు. 2021లో హాలే లేదు, అంతా ఆన్‌లైన్. మరుసటేడు 45 వేలకి అటూ ఇటూ, 2025కి మళ్లీ 1,40,000 పైన. ఈ తలల లెక్కలో స్టాళ్ల సిబ్బంది, విలేకరులు కూడా ఉంటారు. కాబట్టి ఆ అంకె చూసి బ్రోచర్లు అచ్చేయించకండి.

షో ఇంత పెద్దదయ్యాక చిన్న కంపెనీని దెబ్బతీసేది స్టాల్ అద్దె ఒక్కటే కాదు, మెటీరియల్ హ్యాండ్లింగ్. లారీ దగ్గర్నుంచి స్టాల్ దాకా సరుకు చేర్చే కూలి అన్నమాట. లెక్క 100 పౌండ్లకి, అంటే దాదాపు 45 కిలోలకి ఇంత అని. దానికి తోడు కనీస ఛార్జీ ఒకటి. మూడు చిన్న పెట్టెలు మూడు రోజుల్లో విడివిడిగా దిగితే మూడు కనీస ఛార్జీలు పడొచ్చు. అన్నీ ఒకే ప్యాలెట్ (సరుకు పేర్చే చెక్క పలక) మీద కట్టి, ఒకే రసీదుతో పంపాలి. తిరిగి తెచ్చుకునే డెమో యంత్రాలకి ఏటీఏ కార్నెట్ (సరుకుని తాత్కాలికంగా వేరే దేశం తీసుకెళ్లే కస్టమ్స్ పత్రం) తీసుకుంటే అమెరికాలో సుంకం కట్టక్కర్లేదు. మన దగ్గర దాన్ని వ్యాపార సంఘాల సమాఖ్య ఫిక్కీ ఇస్తుంది. పంచిపెట్టే పెన్నులూ కరపత్రాలూ అందులోకి రావు.

కరెంటు అక్కడ 120 వోల్టులు, 60 హెర్ట్జ్. అడాప్టర్ మీద 100–240 అని ఉంటే నిశ్చింత. 230 వోల్టులకే చేసిన హీటర్ పెడితే వేడి పావు వంతుకి కాస్త ఎక్కువ వస్తుంది, అంతే. పిన్ను మార్చే కన్వర్టర్ ఆకారమే మారుస్తుంది, వోల్టేజీ కాదు. అవుట్‌లెట్ ముందే బుక్ చేయాలి, గడువు దాటితే రేటు పెరుగుతుంది.

హాల్లో వైఫై, బ్లూటూత్‌ల రద్దీ ఎక్కువ. ఆఫీసులో చిటికెలో పెయిర్ అయ్యే వాచీ అక్కడ మొరాయిస్తుంది, ఆ రెండూ వాడే 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ అంతా కిక్కిరిసి ఉంటుంది మరి. డెమో కేబుల్ మీద నడపండి, నెట్ లేకపోయినా ఆడే వీడియో ఒకటి సిద్ధంగా ఉంచండి. ఎఫ్‌సీసీ (అమెరికా కమ్యూనికేషన్ల నియంత్రణ సంస్థ) అనుమతి ఇంకా రాని రేడియో పరికరాన్ని ప్రదర్శించొచ్చు గానీ, అనుమతి లేదని, వచ్చేదాకా అమ్మబోమని కనబడేలా బోర్డు పెట్టాలి. దీన్ని చాలామంది తేలిగ్గా తీసుకుంటారు.

ఇక ఖాళీ పెట్టెలు. 'ఎంప్టీ' స్టిక్కర్ అంటించి, స్టాల్ నంబరు రాస్తే తీసుకెళ్లి దాస్తారు. స్పేర్ బోర్డులు, ఛార్జర్లు అందులో వదిలేస్తే షో అయ్యేదాకా చేతికి రావు. చివరిరోజు ఆ పెట్టెలు తిరిగి రావడానికి గంటలు పడుతుంది. ఆ రాత్రికే విమానం టికెట్ తీసుకోకండి.