చింతపండు తాకని దేవత

నల్లగొండ దగ్గరి పల్లెలో మా అమ్మమ్మ ఇంటి గోడలో ఒక దేవుని గూడు ఉండేది. అందులో జానెడు కూడా లేని పంచలోహ లక్ష్మి కొలువై ఉండేది. ప్రతి శుక్రవారం అమ్మమ్మ ఆ విగ్రహాన్ని చింతపండుతో తోమి, కడిగి, పసుపు కుంకుమలు పెట్టేది. మూడు తరాల చేతులు తోమగా తోమగా లక్ష్మి ముక్కు చదునైపోయింది, కనుబొమలు చెరిగిపోయాయి, చేతిలోని తామర మొగ్గ చిన్న గుండులా మిగిలింది.

ఈ మధ్య పురాతన రోమన్ల చిన్న కంచు విగ్రహాల చిత్రాలను చూస్తూ, ఐసిస్-ఫార్చూనా అనే దేవత దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఫార్చూనా రోమన్ల అదృష్ట దేవత, ఐసిస్ ఈజిప్టు నుంచి వచ్చిన తల్లి. భక్తులు ఇద్దరినీ ఒకే రూపంలో కలిపి కొలిచారు. ఒక చేతిలో బతుకు ఓడను నడిపే చుక్కాని, మరొక చేతిలో పండ్లు పొంగిపొర్లే కొమ్ము, తల మీద ఆవు కొమ్ముల నడుమ సూర్యబింబం ఉంటాయి. చుక్కాని సంగతి పక్కన పెడితే, చేతి నుంచి నాణేలు రాల్చే మన లక్ష్మిని చూసిన కళ్లకు ఆ పొంగే కొమ్ము కొత్తగా అనిపించదు.

ఇటువంటి విగ్రహాలు గుళ్ల కోసమే కాదు, ఇళ్ల కోసం కూడా పోసినవి. రోమన్ ఇంట్లో లరేరియం అనే చిన్న పూజాస్థానం ఉండేది. చాలా ఇళ్లలో అది గోడలో తొలిచిన గూడే. అక్కడ ఇంటిని కాచే లారెస్ దేవతలతో పాటు ఆ కుటుంబం నమ్ముకున్న ఇతర దేవతలను నిలిపి, ధూపం వేసి, పూలదండలు పెట్టేవారు. ముందుగా మైనంతో బొమ్మ చేసి, దానికి మట్టి పూసి కాల్చి, మైనం కరిగిపోయిన ఖాళీలో కంచు పోసేవారు. మన స్థపతులు పంచలోహ విగ్రహాలు పోసే పద్ధతి కూడా ఇదే. కొన్ని రోమన్ విగ్రహాలకు వెండి కళ్లు పొదిగారు. ఎల్లమ్మకు వెండి కళ్లు మొక్కుకునే మన ఊళ్లలో ఆ మాట వింటే ఎవరూ ఆశ్చర్యపోరు.

క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలై పాంపే, హెర్క్యులేనియం పట్టణాలను పూడ్చివేసినప్పుడు, అక్కడి గూళ్లలోని దేవతలు కూడా మట్టిలో కలిశారు. ఆ రోజు నుంచి వారిని తోమిన చెయ్యి లేదు. అందుకే చిలుము పట్టి పచ్చబడినా, కొన్నింటి జడల పాయలు, చీర కుచ్చిళ్ల వంటి వస్త్రపు మడతలు ఇంకా తెలుస్తున్నాయి. మ్యూజియంలో ఆ చిలుమును తోమి వదిలించరు. గట్టిపడిన పచ్చని పొర లోపలి లోహానికి కవచం. లేత పచ్చని పొడి రాలే చిలుము వేరు. అది ఉప్పు, తేమ కలిసి లోహాన్ని తినే రోగం, కాబట్టి అటువంటి విగ్రహాలను తేమ తగలకుండా దాచుతారు.

రోమ్ మనకు మరీ దూరపు మాట కూడా కాదు. మా జిల్లా అక్కెనపల్లిలో 1500కు పైగా రోమన్ వెండి నాణేలు దొరికాయి. టైబీరియస్ చక్రవర్తి వెండి నాణెం వెనుకవైపు రాజదండం, కొమ్మ పట్టుకొని కూర్చున్న స్త్రీ ఉంటుంది. ఆమెను శాంతి దేవత రూపంలోని లివియాగా, అంటే ఆ చక్రవర్తి తల్లిగా, చాలామంది గుర్తిస్తారు. ఇటు నుంచి అటు వెళ్లిన దానికీ సాక్ష్యం ఉంది: 1938లో పాంపేలో భారతీయ దంతపు స్త్రీ ప్రతిమ బయటపడింది.

అమ్మమ్మ పోయాక లక్ష్మి మా ఇంటికి వచ్చింది. చింతపండులోని పులుపు ప్రతిసారీ కొంత లోహాన్ని తీసుకుపోతుందని, ఇకనైనా మెత్తటి బట్టతో తుడిస్తే చాలునని అమ్మకు చెప్పాను. "తోమకపోతే తల్లికి కళ ఎట్లొస్తది బిడ్డా?" అన్నది. నేను తిరిగి వాదించలేదు, ఎందుకంటే పూజలో ఉన్న విగ్రహాన్ని మ్యూజియం విగ్రహంలా చూడమనడం సరికాదని నాకూ అనిపించింది. పోయిన శుక్రవారం అమ్మ చింతపండు నానబెట్టే లోపల విగ్రహాన్ని కిటికీ వెలుతురులో పెట్టి, నాలుగు వైపులా ఫోటోలు తీసి, తూకం, ఎత్తు ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను.