ఎమ్మారైలో ఆక్సిజన్: మాస్కు దగ్గరే సగం పని

ఊపిరితిత్తులు ఎమ్మారైలో నల్లగా పడతాయి. సిగ్నల్ ఇచ్చే నీళ్లు తక్కువ, ఇచ్చేది కూడా గాలిగదుల అంచుల దగ్గర ఒకటి రెండు మిల్లీసెకన్లలో చెదిరిపోతుంది. జినాన్ 129 పీల్పిస్తే గాలే వెలుగుతుంది, అమెరికాలో 2022 డిసెంబరులో అనుమతి కూడా వచ్చింది. కానీ ఆ వాయువును సిద్ధంచేసే పోలరైజరు యంత్రం, దాని సిగ్నల్ పట్టే వేరే కాయిలు కావాలి. తిరుపతిలో మేం ఊపిరితిత్తులను చూసింది ఆసుపత్రి గోడ గొట్టంలో వచ్చే ఆక్సిజన్‌తోనే.

ఆక్సిజన్‌కి కాస్త అయస్కాంత గుణముంది. రక్తంలో, కణజాలపు నీళ్లలో కరిగి టీ1ని, అంటే సిగ్నల్ మళ్లీ కోలుకునే సమయాన్ని తగ్గిస్తుంది. 1.5 టెస్లా బలమున్న అయస్కాంతంలో ఊపిరితిత్తి టీ1 సుమారు 1200-1300 మిల్లీసెకన్లు. నూరు శాతం ఆక్సిజన్‌తో తగ్గేది పదో వంతు. అంతే. అందుకే చిన్న తప్పు కూడా ఫలితాన్ని మింగేస్తుంది.

ఆక్సిజన్ సిలిండరు స్కాన్ గదిలోకి రానే కూడదు, అయస్కాంతం లాగేసుకుంటుంది. 2018లో ముంబైలో ఒక మనిషి ప్రాణం పోయింది దానివల్లే. ఫ్లోమీటరు బయట, గొట్టం వేవ్‌గైడ్ (స్కాన్ గది గోడలోని లోహపు గొట్టం దారి) గుండా లోపలికి. నిమిషానికి 15 లీటర్లు, సంచి ఉన్న మాస్కు. సంచి నిండాకే ముఖానికి పెట్టాలి. ముక్కు దగ్గరి లోహపు పట్టీ పీకేసి టేపు వేస్తాం. ఊపిరికి సంచి కొంచెం కుంగాలి: కదలకపోతే పక్కనుంచి గది గాలి దూరుతోంది, పూర్తిగా చప్పబడితే ఫ్లో చాలట్లేదు. మొక్కుకు గడ్డం పెంచినవాళ్లకి మాస్కు అతుక్కోదు. తలనీలాలిచ్చి వచ్చాక రమ్మంటాం!

టీ1 తేడా పట్టే ఇన్వర్షన్ రికవరీ పద్ధతిలో టీఐ (సిగ్నల్‌ను తలకిందులు చేశాక ఆగే సమయం) 1100 మిల్లీసెకన్ల దగ్గర పెట్టి, గాలి పీలుస్తుండగా 20 బొమ్మలు, ఆక్సిజన్‌కి మార్చాక ఐదు నిమిషాలు ఆగి ఆక్సిజన్‌లో 20, మళ్లీ గాలిలో 20. అన్నీ ఊపిరి వదిలిన చివర తీయాలి. అప్పుడు ఊపిరితిత్తి దగ్గరపడి సిగ్నల్ పెరుగుతుంది. డయాఫ్రం ఎత్తు కలవకపోతే ఆక్సిజన్ బొమ్మలోంచి గాలి బొమ్మను తీసివేసినప్పుడు అంచున దొంగ వెలుగు గీత వస్తుంది. “మోకాళ్ల పర్వతం ఎక్కినట్టు ఎగపీల్చొద్దు మామా, అరుగు మీద కూర్చున్నట్టు పీల్చు” అంటే చాలామంది సర్దుకుంటారు.

సీఓపీడీ (ఊపిరి దారులు ఇరుకయ్యే దీర్ఘకాలపు జబ్బు)లో కార్బన్ డయాక్సైడ్ నిలిచిపోయేవాళ్లకి మాత్రం ఊపిరితిత్తుల డాక్టరు చెప్పందే ఇవ్వం.

ఊపిరితిత్తిలో మార్పు కనపడకపోతే రోగం అని రాసే ముందు ప్లీహం చూస్తాం. రక్తంలో ఆక్సిజన్ కరిగితే అదీ మెరుగవ్వాలి. అదీ కదల్లేదంటే తప్పు మాస్కుది.