మా సారూ, ఒక డబ్బా వేలి ఎముకలూ

మొదటి సంవత్సరం అనాటమీ అనగానే మా బ్యాచ్‌లో చాలామందికి శవాలు పాడవకుండా వాడే ఫార్మలిన్ ఘాటు, కళ్ళ మంట గుర్తొస్తాయి. నాకు మాత్రం చేతి ఎముకల క్లాసులే గుర్తొస్తాయి. ఆ క్లాసులు తీసుకున్న సారు పేరు ఇక్కడ రాయడం లేదు. మా బ్యాచ్ వాళ్ళకు చెప్పనక్కర్లేదు కూడా.

బోర్డు మీద బొమ్మ వెయ్యకముందే ఆయన ఒక రూలు పెట్టారు. చేతి గురించి మాట్లాడేటప్పుడు పైన, కింద, లోపల, బయట అనే మాటలు నోట్లోంచి రాకూడదు. ఇదెక్కడి గొడవ అని మేం మొహాలు చూసుకుంటుంటే, ముందు బెంచీలో అమ్మాయిని లేపి చెయ్యి ముందుకు చాపమన్నారు. అరచెయ్యి నేలవైపు ఉంది.

"బొటనవేలు ఎటుందమ్మా?"

"లోపలివైపు సార్."

"ఇప్పుడు అరచెయ్యి పైకి తిప్పు. ఇప్పుడెటు?"

"బయటికి సార్."

"మరి ఎముక చోటు మారిందా?"

మారలేదు. ముంజేతిలో రేడియస్, అల్నా అని రెండు ఎముకలుంటాయి కదా, చెయ్యి బోర్లించినప్పుడు రేడియస్ అల్నా మీదుగా అడ్డంగా తిరిగి అరచేతిని తనతో పాటు తిప్పేస్తుంది. అందుకే పుస్తకాలన్నీ మనిషి నిటారుగా నిలబడి, చేతులు పక్కన పెట్టుకుని, అరచేతులు ముందుకు చూపిస్తున్నట్టు ఊహించుకుని రాస్తాయి. ఆ భంగిమలో బొటనవేలు లేటరల్ (శరీరం మధ్యగీతకు దూరంగా), చిటికెనవేలు మీడియల్ (దగ్గరగా). కాకపోతే అలా నిలబడి మనకు చెయ్యి చూపించే పేషెంటు ఎవరుంటారు? సారు మాతో ఆ రెండు మాటలూ మాన్పించి రేడియల్, అల్నార్ అనిపించేవారు. చెయ్యి ఎటు తిప్పినా బొటనవేలు రేడియస్ వైపే ఉంటుంది, చిటికెనవేలు అల్నా వైపే. వీటికి తోడు అరచేతి వైపు పామర్, వెనకవైపు డోర్సల్, మణికట్టుకు దగ్గరైతే ప్రాక్సిమల్, వేలి కొనకు దగ్గరైతే డిస్టల్. ఈ ఆరు మాటలతో పనంతా అయిపోతుంది. ఇవాళ రాత్రి డ్యూటీ డాక్టరు ఫోన్ చేసి "ఉంగరపువేలు, మధ్య ఫాలాంక్స్ బేస్, పామర్ వైపు చిన్న ముక్క" (ఫాలాంక్స్ అంటే వేలి ఎముక, బేస్ అంటే దాని మణికట్టు వైపు కొస) అంటే ఎక్స్‌రే చూడకుండానే నాకు కళ్ళకు కట్టినట్టు ఉంటుంది. వేళ్ళకు మాత్రం నంబర్లు వద్దు, పేర్లే రాయండని ఆయన అప్పుడే చెప్పారు. బొటనవేలిని కలిపి లెక్కపెడితే ఉంగరపువేలు నాలుగోది, వదిలేస్తే మూడోది. ఆపరేషన్ థియేటర్లో ఆ తేడా ఏం చేస్తుందో చెప్పనక్కర్లేదు.

తర్వాత డబ్బా వచ్చేది. మూత తీసి బల్ల మీద బోర్లిస్తే చిన్న ఎముకలన్నీ గలగలా పడేవి. ఒక చేతిలో వేలి ఎముకలు, అంటే ఫాలాంజెస్, 14, బొటనవేలికి రెండు, మిగతా వేళ్ళకు మూడేసి. కళ్ళతో కాదు, గోటితో చూడమనేవారు. ఎముక బేస్ మీద గోరు ఆనించి జరిపితే ఒకటే నున్నటి గుంట తగిలిందా, అది ప్రాక్సిమల్ ఫాలాంక్స్. మెటాకార్పల్ (అరచేతి ఎముక) గుండ్రటి తల కూర్చునేది అందులోనే. రెండు చిన్న గుంటలు, మధ్యలో సన్నటి గట్టు తగిలితే మధ్యది గానీ చివరిది గానీ. చివరిదాన్ని పోల్చడం సులువే, కొన దగ్గర పామర్ వైపు గరుకుగా, వెడల్పుగా ఉంటుంది. మెటాకార్పల్స్‌లో మూడోదాని బేస్‌కు డోర్సల్ వైపు, రేడియల్ మూలన ఒక కొమ్ము పొడుచుకొస్తుంది. అది దొరికితే కుడిచేతిదో ఎడమచేతిదో తేలిపోయినట్టే. వైవాలో (నోటి పరీక్షలో) నన్ను గట్టెక్కించింది ఆ కొమ్మే.

ఒకరోజు వేలు ఎక్కడ మొదలవుతుందో చూపించమన్నారు. అందరం అరచేతి వైపు వేలి మొదట్లో ఉన్న గీతను చూపించాం. పిడికిలి బిగించమన్నారు. వెనకవైపు ఉబ్బెత్తుగా లేచేవి మెటాకార్పల్ తలలు, అంటే అసలు కీలు ఆ గీత కంటే ఎంతో ప్రాక్సిమల్‌గా ఉంది. మొదటి ఎముకలో దాదాపు సగం అరచేతిలోనే దాక్కుంటుంది. అదే పిడికిలితో ఇంకో పని చేయించారు. వేళ్ళు చాపి ఉంచితే పక్కలకు విప్పగలం, ఆ కీళ్ళ దగ్గర బాగా వంచితే విప్పలేం. కీలుకు రెండు పక్కలా ఉన్న లిగమెంట్లు (ఎముకలను కలిపి ఉంచే పట్టీలు) వేలు వంచినప్పుడు బిగుస్తాయి, చాపితే వదులవుతాయి. వదులుగా ఉన్నప్పుడు కట్టేసి వారాలకొద్దీ వదిలేస్తే కుంచించుకుపోతాయి, వేలు మళ్ళీ వంగనంటుంది. అందుకే చేతికి స్ప్లింట్ (కదలకుండా కట్టే బద్ద) వేసేటప్పుడు ఆ కీళ్ళను బాగా వంచి, వేలి కణుపులను తిన్నగా ఉంచుతాం. పీజీలో ఇది చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

వైవాలో ఆయనకు ఇష్టమైన ప్రశ్న ఒకటుండేది. "నడిమివేలు అడక్షన్ చేసి చూపించు." టెన్షన్‌లో వేలు ఎటు జరిపినా తప్పే. చేతిలో అబ్డక్షన్ (దూరంగా జరపడం), అడక్షన్ (దగ్గరకు తేవడం) లెక్కలు నడిమివేలి గుండా పోయే గీతను బట్టి చెప్తారు. ఆ గీత మీదే ఉన్న వేలు ఏ పక్కకు కదిలినా అబ్డక్షనే. దాన్ని చెరో పక్కకు లాగడానికి మెటాకార్పల్స్ మధ్య ఉండే డోర్సల్ ఇంటరాసియస్ కండరాలు రెండున్నాయి, పామర్ ఇంటరాసియస్ ఒక్కటీ లేదు. ఈ ప్రశ్న అడగడం కాస్త అన్యాయమనే ఇప్పటికీ నా అభిప్రాయం.

బొటనవేలి దగ్గర మాత్రం ఆయనే గొడవ రాజేసి తప్పుకున్నారు. పిల్లల చేతి ఎక్స్‌రే లైటు ముందు పెట్టి, ఎముక పెరిగే చోటు ఎక్కడుందో చూడమన్నారు. నాలుగు వేళ్ళ మెటాకార్పల్స్‌కు అది తల దగ్గరుంది, ఫాలాంజెస్‌కు బేస్ దగ్గరుంది. బొటనవేలి మెటాకార్పల్‌కు చూస్తే బేస్ దగ్గరే ఉంది, అచ్చం ఫాలాంక్స్‌లా! మరి బొటనవేలికి ఉన్నవి రెండు ఫాలాంజెస్సా, మూడా? దీని మీద అనాటమీలో పాత వాదమే ఉంది. హాస్టల్‌లో మేం రెండు పార్టీలుగా విడిపోయి అర్ధరాత్రి దాకా వాదించుకున్నాం. మర్నాడు సారు, "పరీక్షలో రెండని రాయండి, బయట ఎంతైనా కొట్టుకోండి" అని నవ్వి వెళ్ళిపోయారు. నేను "మూడు" పార్టీ. "రెండు" పార్టీ నాయకుడు ఇప్పుడు రేడియాలజిస్టు, ఈసారి కలిసినప్పుడు వాడి దగ్గరకు ఒక ఎక్స్‌రే పట్టుకెళ్తున్నాను.