ఇండెక్స్ ఉంది, అయినా ఎనిమిది సెకన్లు

పొద్దున ఆరున్నరకి విజయవాడ బ్రాంచి కౌంటర్ నుంచి ఫోన్. "అన్నా, పరగడుపున వచ్చినవాళ్లంతా లైన్లో ఉన్నారు. నంబరు కొడితే చక్రం తిరుగుతూనే ఉంది. ఒక పెద్దావిడ కళ్లు తిరుగుతున్నాయని మెట్ల మీద కూర్చుండిపోయింది." మా డయాగ్నొస్టిక్ ల్యాబ్ సాఫ్ట్‌వేర్ చూసుకునేది ఇద్దరమే. ఆ పెద్దావిడ మాట విన్నాక ఇక వేరే పని ముట్టుకోలేదు.

పేషెంట్ల టేబుల్‌లో 61 లక్షల వరుసలు. మొబైల్ నంబరు మీద ఇండెక్స్ (ఏ విలువ ఏ వరుసలో ఉందో క్రమంలో చూపే సూచిక) ఏడాది క్రితమే వేశాను, అందుకని అనుమానం అటు పోలేదు. సర్వర్‌కి మెమరీ చాలడం లేదనుకున్నాం. కౌంటర్ నుంచి వెళ్లే క్వెరీని, అంటే డేటాబేస్‌ని అడిగే ప్రశ్నని, నా సిస్టంలో చేత్తో టైప్ చేసి నడిపితే రెప్పపాటులో వచ్చేస్తోంది. కౌంటర్‌లో మాత్రం ఎనిమిది సెకన్లు. రెండు రోజులు నెట్‌వర్క్ వాళ్లని తిప్పించాను. ఆ రెండు రోజులు తల్చుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

చివరికి దారి చూపింది స్లో క్వెరీ లాగ్, అంటే ఆలస్యమైన క్వెరీల చిట్టా. మేం వాడే డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌లో అది మామూలుగా ఆఫ్‌లో ఉంటుంది. ఆన్ చేసినా, పరిమితి మార్చకపోతే 10 సెకన్లు దాటిన వాటినే రాస్తుంది. మాది ఎనిమిది కాబట్టి ఊరికే ఆన్ చేసి వదిలేసి ఉంటే అందులో ఏమీ దొరికేది కాదు. పరిమితిని 1 సెకనుకి తగ్గించాను. మర్నాడు పొద్దున్నే లాగ్ తెరిస్తే వందలసార్లు ఒకటే క్వెరీ. పంపిన వరుసలు 3, చదివినవి 61 లక్షల చిల్లర. ఒక ఇంట్లో ముగ్గురి పేర్ల కోసం టేబుల్ మొత్తం మొదటి నుంచి చివరిదాకా చదువుతోంది, ప్రతిసారీ.

లాగ్‌లో ఉన్న క్వెరీని ఉన్నదున్నట్టు కాపీ చేసి, క్వెరీని ఎలా నడుపుతుందో చెప్పే ఎక్స్‌ప్లెయిన్ అన్న మాట ముందు పెట్టి నడిపాను. 'టైప్' గడిలో 'ఆల్' అని ఉంది, అంటే టేబుల్ మొత్తం చదవడమే. 'పాసిబుల్ కీస్' గడిలో నా ఇండెక్స్ పేరు ఉంది. దాని పక్కనే 'కీ' గడిలో 'నల్', అంటే ఏదీ లేదు. అంటే ఇండెక్స్ ఉందని దానికి తెలుసు, అయినా వాడటం లేదు. వెంటనే షో వార్నింగ్స్ కొడితే కారణం అదే చెప్పింది: ఫలానా కాలమ్‌లో టైప్ మార్పిడి వల్ల ఈ ఇండెక్స్ వాడలేకపోతున్నానని.

అప్పుడు గమనించాను. లాగ్‌లోని క్వెరీలో నంబరు చుట్టూ కోట్స్ లేవు. నేను చేత్తో కొట్టినప్పుడు అలవాటుగా కోట్స్ పెట్టాను, అందుకే నా దగ్గర వేగంగా వచ్చింది. టేబుల్‌లో మొబైల్ కాలమ్ వార్‌చార్, అంటే అక్షరాల రూపం. నంబరు పది అంకెలేనా అని సరిచూసే చోట మా పైథాన్ కోడ్ దాన్ని ఇంటీజర్‌గా, అంటే అంకెగా మార్చింది, అలాగే క్వెరీలోకి వదిలింది.

ఇది చిన్న తేడాలా కనిపిస్తుంది గానీ కాదు. అక్షరాల కాలమ్‌ని అంకెతో పోల్చమంటే మైఎస్‌క్యూఎల్ ప్రతి వరుసలోని విలువనీ అంకెగా మార్చి చూడాలి. ఎందుకంటే '5', '05', '5.0', ముందు ఖాళీ ఉన్న ' 5' అన్నీ అంకెగా 5తో సమానమే. ఇండెక్స్‌లో మాత్రం అవి అక్షరక్రమంలో తలా ఒక చోట ఉంటాయి. ఏ చోటికి వెళ్లి వెతకాలి? ఎక్కడికీ వెళ్లలేదు, అన్నీ చదవాల్సిందే. ఇండెక్స్ బలమంతా ఆ వరుసక్రమంలోనే ఉంది. 1970లో బోయింగ్ పరిశోధనశాలలో రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రైట్ రూపొందించిన బీ-ట్రీ అనే చెట్టులాంటి అమరిక ఆధారంగానే మన డేటాబేసులు ఈనాటికీ నడుస్తున్నాయి. 61 లక్షల నంబర్లలో ఒకదాన్ని పట్టుకోవడానికి దానికి మూడు నాలుగు మెట్లు చాలు. ఎన్నిసార్లు తల్చుకున్నా నాకు అబ్బురంగానే ఉంటుంది.

కోడ్‌లో ఒక్క లైను మార్చి నంబరుని స్ట్రింగ్‌గానే, అంటే అక్షరాల రూపంలోనే పంపాం. ఎనిమిది సెకన్లు 3 మిల్లీసెకన్లయ్యాయి.

తర్వాత పెండింగ్ రిపోర్టుల స్క్రీన్ పట్టుకున్నాను: ఫలానా బ్రాంచిలో గత 90 రోజుల్లో ఇంకా రిపోర్ట్ ఇవ్వని టెస్టులు, తేదీ వరుసలో. బ్రాంచి, స్టేటస్, తేదీ మూడింటికీ విడివిడిగా ఇండెక్సులున్నాయి. కానీ అది బ్రాంచి ఇండెక్స్ ఒక్కటే పట్టుకుని, ఆ బ్రాంచి పుట్టినప్పటి నుంచి ఉన్న టెస్టులన్నీ తిరగేస్తోంది. పైగా తేదీ కాలమ్‌ని డేట్ ఫంక్షన్‌లో (గంటలు, నిమిషాలు తీసేసి తేదీ మాత్రమే ఇచ్చేది) చుట్టి పోల్చాం. కాలమ్ మీద ఫంక్షన్ వేస్తే దాని ఇండెక్స్‌లోని వరుసక్రమం పనికిరాదు. ఫంక్షన్ తీసేసి, కాలమ్‌ని నేరుగా మొదలు తేదీతో పోల్చేలా రాశాను.

మూడు కాలమ్‌లనీ కలిపి ఒకే ఇండెక్స్ వేద్దామనుకుని మొదటిసారి తేదీని ముందు పెట్టాను. పెద్దగా లాభం లేదు. ఓటర్ల జాబితా గుర్తు తెచ్చుకోండి. నియోజకవర్గం, అందులో పోలింగ్ కేంద్రం, అందులో వరుస నంబరు. ఆ క్రమం ఉంది కాబట్టే మన పేజీ చటుక్కున దొరుకుతుంది. తేదీ ముందుంటే 90 రోజుల్లోని అన్ని బ్రాంచిల ఎంట్రీలూ దాటుకుంటూ పోవాలి. బ్రాంచి, స్టేటస్ 'ఇదే' అని చెప్పేవి, తేదీ 'ఇక్కడి నుంచి' అని చెప్పేది. 'ఇదే'లు ముందుండాలి. బ్రాంచి, స్టేటస్, తేదీ అని క్రమం మార్చాక ఎక్స్‌ప్లెయిన్‌లో 'యూజింగ్ ఫైల్‌సార్ట్' కూడా పోయింది. ఇండెక్స్‌లోనే తేదీ వరుసలో ఉన్నాక మళ్లీ పేర్చే పనేముంది?

ఆ ఇండెక్స్ వేసిన రాత్రి మాత్రం గట్టి దెబ్బ తిన్నాం. పని ఆగకుండా వేసుకోవచ్చన్న ధీమాతో పదకొండింటికి మొదలుపెట్టాను. అప్పటికే అకౌంట్స్ వాళ్ల నెలవారీ రిపోర్ట్ ఒకటి అదే టేబుల్ మీద నడుస్తోంది. అది ముగిసేదాకా నా ఆల్టర్ (టేబుల్‌ని మార్చే ఆదేశం) ఆగింది, ఆల్టర్ వెనక వచ్చిన ప్రతి క్వెరీ ఆగింది. నడుస్తున్న పనులు చూపే షో ప్రాసెస్‌లిస్ట్ నిండా 'మెటాడేటా లాక్ (టేబుల్ రూపానికి వేసే తాళం) కోసం ఎదురుచూపు'. నైట్ డ్యూటీ టెక్నీషియన్లు ఎమర్జెన్సీ శాంపిల్ ఎంట్రీ చేయలేకపోయారు. నా ఆల్టర్‌ని చంపితే గానీ కదల్లేదు. ఇప్పుడు ప్రాసెస్‌లిస్ట్ చూడకుండా, ఆ తాళం కోసం ఎంతసేపు ఆగాలో చెప్పే లాక్ వెయిట్ టైమవుట్ 5 సెకన్లకి తగ్గించకుండా టేబుల్ మీద చెయ్యి వేయను.

అదే టేబుల్‌లో అప్పటికి 14 ఇండెక్సులు పోగయ్యాయి. కొత్త టెస్ట్ ఎక్కిన ప్రతిసారీ 14 చోట్లా రాయాలి. వాడనివి చూపించే లిస్ట్ మైఎస్‌క్యూఎల్‌తో పాటే వచ్చే సిస్ స్కీమాలో ఉంది గానీ, అది సర్వర్ చివరిసారి రీస్టార్ట్ అయినప్పటి నుంచే లెక్కపెడుతుంది. నెలాఖరుకి మాత్రమే అవసరమయ్యేది అందులో వృథాలా కనిపించవచ్చు. అందుకే ఐదింటిని తీసేయకుండా ముందు ఇన్‌విజిబుల్ చేసి (అవి ఉంటాయి గానీ క్వెరీలు వాడవు), నెలాఖరు దాటాక తీశాం.

ఇంకా మిగిలింది పేరుతో వెతుకులాట. ఒకే మనిషి ఒక బ్రాంచిలో 'కె. లక్ష్మి', ఇంకో బ్రాంచిలో 'లక్ష్మి కె'. ఇంటిపేరు ముందా వెనకా అన్న పట్టింపు మనకి లేదు, అందుకే కౌంటర్ వాళ్లు రెండు పక్కలా శాతం గుర్తు (అక్కడ ఏ అక్షరాలున్నా సరే అని అర్థం) పెట్టి వెతికేలా చేశాం. మొదటి అక్షరమే తెలియని మాటకి మామూలు ఇండెక్స్ దారి చూపలేదు. అందుకని పేరులోని ఒక్కో మాటనీ విడిగా సూచికలో పెట్టే ఫుల్‌టెక్స్ట్ ఇండెక్స్ టెస్ట్ సర్వర్‌లో పెట్టాను. ఒక్క అక్షరం ఇంటిపేర్లని అది మామూలుగా వదిలేస్తుంది, ఈ వారమంతా ఆ సెట్టింగ్‌తోనే కూర్చున్నాను.